పిస్తోలు ఆయుష్షు

సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో అన్నిటికంటే ముందు అలసిపోయేది స్ప్రింగు. బ్యారెల్, స్లైడ్, ఫ్రేమ్ లాంటి పెద్ద ఉక్కు భాగాలు శ్రద్ధగా చూసుకుంటే రెండు మూడు తరాలు నిలుస్తాయి. వాటి మధ్య ఇమిడి ఉండే సన్నని తీగచుట్ట మెత్తబడితే మాత్రం అంత ఉక్కూ ఉండి ప్రయోజనం ఉండదు. తూటా గదిలోకి పూర్తిగా ఎక్కదు, ఖాళీ తొడుగు బయటికి ఎగరదు, అవసరమైన క్షణంలో ఆయుధం మొరాయిస్తుంది.

పిస్తోలు నమ్మదగినది అనడానికి రెండు పరీక్షలున్నాయి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ అది పేలాలి. నొక్కనప్పుడు ఎన్నడూ పేలకూడదు. కొత్తగా కొన్న పిస్తోలు ఈ రెండూ నెగ్గడం పెద్ద విశేషం కాదు. ఇరవై, నలభై, అరవై ఏళ్ల తర్వాత కూడా నెగ్గుతుందా అన్నదే అసలు సంగతి. అతిగా వాడితే భాగాలు అరుగుతాయి, ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే తుప్పు పడుతుంది, నూనె గడ్డకడుతుంది. సైనికుడి చేతిలోని పిస్తోలుకు మొదటిది ముప్పు. భారతదేశంలో లైసెన్సు మీద ఇంట్లో ఉంచుకున్న పిస్తోలుకు ఎక్కువగా రెండోదే ముప్పు.

ఒక్క తూటా చేసే పని

రివాల్వర్‌లో తూటాల చక్రాన్ని తిప్పేది మనిషి బలం. ట్రిగ్గర్ లాగినా, బొటనవేలితో హ్యామర్ వెనక్కి వంచినా చక్రం ఒక గది జరుగుతుంది. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతిది వస్తుంది. సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో ఆ పనంతా పేలిన తూటా శక్తే చేస్తుంది.

ఫైరింగ్ పిన్ అనే సూది తూటా అడుగున ఉండే ప్రైమర్‌ను తాకగానే మందు మండి వాయువుగా మారుతుంది. 9 ఎం.ఎం. తూటాలో ఆ వాయువు ఒత్తిడి వాతావరణ పీడనానికి 2,300 రెట్ల దాకా వెళ్తుంది. అది గుండును ముందుకు, స్లైడ్‌ను వెనక్కి తోస్తుంది. గుండు బ్యారెల్ దాటి ఒత్తిడి తగ్గేవరకు స్లైడ్ తెరుచుకోకూడదు. బలమైన తూటాలు వాడే పిస్తోళ్లలో ఇందుకోసం బ్యారెల్, స్లైడ్ ఒకదానికొకటి బిగిసి కాస్త దూరం కలిసే వెనక్కి జరుగుతాయి. తర్వాత బ్యారెల్ వెనుక కొస కిందికి వాలి విడిపోతుంది, స్లైడ్ ఒక్కటే సాగిపోతుంది. అమెరికా ఆయుధ శిల్పి జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పద్ధతే చిన్న చిన్న మార్పులతో నేటి పిస్తోళ్లలో అధిక భాగానికి ఆధారం. తక్కువ ఒత్తిడి గల .32 తూటా వాడే పిస్తోళ్లకు ఈ బిగింపు అక్కర్లేదు. స్లైడ్ బరువు, స్ప్రింగు బలమే సరిపోతాయి.

వెనక్కి వెళ్లేటప్పుడు స్లైడ్‌కు ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ అనే కొక్కెం ఖాళీ తొడుగు అంచును పట్టి లాగుతుంది. ఎజెక్టర్ దాన్ని పక్కకు కొట్టి బయటికి విసురుతుంది. ఇదే కదలికలో హ్యామర్ వంగి సిద్ధమవుతుంది, రీకాయిల్ స్ప్రింగు నొక్కుకుపోతుంది. అది తిరిగి విచ్చుకుంటూ స్లైడ్‌ను ముందుకు నెడుతుంది. మ్యాగజైన్ స్ప్రింగు పైకి తెచ్చి పెట్టిన తూటాను స్లైడ్ గదిలోకి తోసి మూసుకుంటుంది. ఇదంతా కనురెప్ప వేసేలోగా ముగుస్తుంది. ఇన్ని పనులు ఒక వరసలో, ఒకదాని మీద ఒకటి ఆధారపడి జరుగుతాయి కాబట్టి ఎక్కడ చిన్న లోపం వచ్చినా వరస తెగుతుంది.

ఆరు వేల తూటాల పరీక్ష

పిస్తోలు మన్నికను కొలిచిన ఒక గొప్ప సందర్భం 1911 మార్చిలో అమెరికాలో వచ్చింది. సైన్యానికి కొత్త పిస్తోలు ఎంపిక చేయడానికి కోల్ట్, సావేజ్ కంపెనీల నమూనాలను పోటీకి పెట్టారు. ఒక్కో పిస్తోలు నుంచి 6,000 తూటాలు పేల్చారు. వంద తూటాలకొకసారి కాస్త చల్లారనిచ్చారు, వెయ్యికొకసారి శుభ్రం చేసి నూనె రాశారు. తర్వాత వంకర తూటాలతో, బురదతో, తుప్పుతో కూడా పరీక్షించారు. సావేజ్ పిస్తోలు 37 సార్లు ఆగింది. బ్రౌనింగ్ రూపకల్పన చేసిన కోల్ట్ పిస్తోలు ఒక్కసారి కూడా ఆగలేదు. అదే నెల 29న దాన్ని ఎం1911 పేరుతో సైన్యం స్వీకరించింది.

పరీక్షలో నెగ్గడం ఆ కథలో మొదటి అధ్యాయం మాత్రమే. రెండు ప్రపంచ యుద్ధాలతో కలిపి అమెరికా ప్రభుత్వం ఎం1911, దాని సవరించిన రూపమైన ఎం1911ఏ1 కలిపి సుమారు 27 లక్షల పిస్తోళ్లు చేయించింది. టైపురైటర్లు చేసే రెమింగ్టన్ రాండ్, రైల్వే సిగ్నళ్లు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ లాంటి కంపెనీలు కూడా రెండో యుద్ధంలో వీటిని తయారు చేశాయి. 1945తో ప్రభుత్వ ఆర్డర్లు ఆగిపోయాయి. అయినా 1985లో ఇటలీకి చెందిన బెరెట్టా పిస్తోలు ఎం9 పేరుతో వచ్చేదాకా సైన్యం ప్రధాన పిస్తోలు అదే. కొరియాలోనూ వియత్నాంలోనూ సైనికులు పట్టుకున్నవి ముందు తరం నాటి పిస్తోళ్లే.

నలభై ఏళ్లు కొత్తవి కొనకుండా ఆ సైన్యం ఎలా నెట్టుకొచ్చింది? ఆయుధాగారాల్లో పునర్నిర్మాణం వల్ల. యూనిట్ల నుంచి వచ్చిన పిస్తోళ్లను పూర్తిగా విప్పి, ప్రతి భాగాన్నీ గేజ్‌లతో కొలిచి, అరిగిన బ్యారెళ్లు, స్ప్రింగులు, పిన్నులు మార్చి, పైన మళ్లీ ఫాస్ఫేట్ పూత వేసి పంపేవారు. ఒక కంపెనీ ఫ్రేమ్ మీద మరో కంపెనీ స్లైడ్ ఎక్కడం మామూలే. భాగాలన్నీ ఒకే కొలతలతో తయారయ్యాయి కాబట్టి ఇది సాధ్యమైంది. దీర్ఘాయువుకు మంచి నమూనా ఎంత ముఖ్యమో, ఒకదాని భాగం మరొకదానికి సరిపోవడం, విడిభాగాల నిల్వ, మరమ్మతు క్రమశిక్షణ కూడా అంతే ముఖ్యమని ఈ పిస్తోలు చరిత్ర చెబుతుంది.

కెనడాలో దాదాపు ఎనభై ఏళ్లు

ఇంతకంటే పొడవైన సేవ మరో బ్రౌనింగ్ పిస్తోలుది. ఆయన మొదలుపెట్టి 1926లో మరణించగా, బెల్జియంలోని ఎఫ్.ఎన్. సంస్థలో డ్యూడొనే సేవ్ పూర్తి చేసిన హై పవర్ 1935లో వచ్చింది. 9 ఎం.ఎం. తూటాలు పదమూడు పట్టే మ్యాగజైన్ దాని ప్రత్యేకత. బెల్జియం జర్మనీ వశమయ్యాక టొరాంటోలోని జాన్ ఇంగ్లిస్ కంపెనీ 1944, 1945 సంవత్సరాల్లో లక్షన్నరకు పైగా హై పవర్‌లు తయారు చేసింది. మొదటి పెద్ద ఆర్డరు చైనా కోసం. యుద్ధం ముగిశాక ఆ కంపెనీ బట్టలుతికే యంత్రాల తయారీతో పేరు తెచ్చుకుంది. పిస్తోళ్లు మాత్రం కెనడా సైన్యంలో ఉండిపోయాయి. వాటి స్థానంలోకి సిగ్ సాయర్ పి320 తరహా పిస్తోలును తేవడానికి 2022లో గానీ ఒప్పందం కుదరలేదు.

ఆ చివరి సంవత్సరాలు మరో పాఠం నేర్పుతాయి. పాత హై పవర్‌లు తరచూ ఆగుతున్నాయని, విడిభాగాలు దొరకడం లేదని కెనడా సైన్యమే గుర్తించింది. ఒకటి బాగుచేయడానికి మరొకదాన్ని విప్పవలసిన స్థితి వస్తే నిల్వ ఏటేటా తరిగిపోతుంది. బ్రిటన్ ఇదే పిస్తోలును పక్కన పెట్టి 2013లో గ్లాక్ 17 తీసుకుంది. భారత సైన్యం, పోలీసు బలగాలు చాలాకాలం నమ్ముకున్న 9 ఎం.ఎం. 1ఏ పిస్తోలు కూడా ఈ ఇంగ్లిస్ నమూనా సంతానమే. పశ్చిమ బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దాన్ని తయారు చేసింది.

ఏది ముందు అరుగుతుంది?

మొదట రీకాయిల్ స్ప్రింగు. అది బలహీనపడితే స్లైడ్ వెనక్కి వేగంగా వెళ్లి ఫ్రేమ్‌ను గట్టిగా గుద్దుతుంది, ముందుకు మాత్రం నీరసంగా వస్తుంది. మొదటి దెబ్బ ఫ్రేమ్‌కు పగుళ్లు తెస్తుంది. రెండోదానివల్ల గది పూర్తిగా మూసుకోదు. చవకగా మార్చగలిగే ఒక భాగాన్ని మార్చకపోతే మార్చడానికి వీల్లేని భాగం పాడవుతుందన్నమాట. 9 ఎం.ఎం. సర్వీస్ పిస్తోళ్లకు సాధారణంగా 3,000 నుంచి 5,000 తూటాల మధ్య కొత్త స్ప్రింగు వేయడం ఆనవాయితీ. చిన్న పిస్తోళ్లలో స్ప్రింగు పొట్టిది, దాని మీద భారం ఎక్కువ కాబట్టి ఇంకా ముందే మార్చాలి. పాత స్ప్రింగును బల్ల మీద కొత్తదాని పక్కన పెడితే తేడా కంటికే తెలుస్తుంది. రెండూ ఒకే పొడవుతో పుట్టినా పాతది కుంగిపోయి పొట్టిగా కనిపిస్తుంది.

తర్వాతిది మ్యాగజైన్. పిస్తోలు ఆగిపోయిన సందర్భాల్లో చాలావాటికి మూలం పిస్తోలులో కాదు, మ్యాగజైన్‌లో ఉంటుంది. పలుచని రేకు పెట్టె పై అంచులు, అంటే తూటాను పట్టి ఉంచే పెదవులు, కింద పడినప్పుడు వెంట్రుకవాసి విచ్చుకున్నా తూటా సరైన కోణంలో పైకి రాదు. నిండా నింపి ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. మంచి ఉక్కు తీగతో, తగిన హద్దులో నొక్కుకునేలా చేసిన స్ప్రింగు నింపి ఉంచినంత మాత్రాన పెద్దగా బలం కోల్పోదు. పదే పదే నొక్కుకుని విచ్చుకోవడమే దాన్ని అలసిపోయేలా చేస్తుంది. ఎక్కువ తూటాలు ఇరికించి పట్టేలా చేసిన మ్యాగజైన్లలో స్ప్రింగు హద్దు దాటి నొక్కుకుపోతుంది కాబట్టి అక్కడ జాగ్రత్త అవసరం. అనుభవజ్ఞులు తమ మ్యాగజైన్లకు అంకెలు వేసుకుంటారు. ఆగడం ఎప్పుడూ రెండో నంబరు మ్యాగజైన్‌తోనే జరుగుతుంటే పిస్తోలును విప్పనక్కర్లేదు, ఆ మ్యాగజైన్‌ను పక్కన పెడితే చాలు.

మ్యాగజైన్ ఎంత కీలకమో ఇరాక్ యుద్ధంలో అమెరికా సైన్యానికి తెలిసివచ్చింది. ఎం9 పిస్తోళ్లకు సరఫరా చేసిన కొత్త మ్యాగజైన్ల గరుకు ఫాస్ఫేట్ పూతకు ఎడారి ఇసుక పట్టుకుని తూటాలు పైకి రాలేదు. నున్నటి పూతతో చేసిన మ్యాగజైన్లు వచ్చాక ఇబ్బంది తీరింది.

ఎక్స్‌ట్రాక్టర్ సంగతి మూడోది. ఎం1911లో అది విడిగా స్ప్రింగు లేని పొడవాటి ఉక్కు పట్టీ. తన సొంత వంపు బలంతోనే తొడుగును పట్టుకుంటుంది. ఆ వంపు తగ్గిందో లేదో చూడటానికి ఆయుధాలు బాగుచేసేవారు స్లైడ్‌ను విప్పి చేతిలోకి తీసుకుని కొక్కెం కింద ఒక డమ్మీ తూటా దూర్చి మెల్లగా ఊపుతారు. తూటా నిలిస్తే పట్టు ఉన్నట్టు, జారి పడితే పోయినట్టు. పట్టు పోయిన పిస్తోలులో ఖాళీ తొడుగు పూర్తిగా బయటికి పోకుండా స్లైడ్ నోట్లో నిలువుగా ఇరుక్కుంటుంది. కొక్కెం కింద మసి పేరుకున్నా ఇదే జరుగుతుంది కాబట్టి మార్చే ముందు శుభ్రం చేసి చూడటం మేలు.

సూది, దాని స్ప్రింగు భద్రతకు సంబంధించినవి. పాత ఎం1911లో పిస్తోలు ముక్కు నేలకు తగిలేలా పడితే సూది తన బరువుతోనే ముందుకు దూసుకెళ్లి ప్రైమర్‌ను తాకే అవకాశం ఉంది. దాన్ని ఆపేది ఆ చిన్న స్ప్రింగు ఒక్కటే. 1983లో కోల్ట్ తన సిరీస్ 80 పిస్తోళ్లలో, ట్రిగ్గర్ నొక్కితే తప్ప సూది కదలకుండా అడ్డు పెట్టింది. ఆధునిక నమూనాలకు కూడా ఈ సమస్య పూర్తిగా తప్పలేదు. పి320 పిస్తోలు కొన్ని కోణాల్లో పడితే పేలవచ్చని తేలడంతో 2017లో తయారీదారే ట్రిగ్గర్ భాగాలు మార్చి ఇస్తామని ముందుకొచ్చింది. దశాబ్దాలుగా స్ప్రింగు మార్చని పాత పిస్తోలును గదిలో తూటాతో ఉంచడం అందుకే ప్రమాదం.

పెద్ద భాగాలు అరుదుగా విరుగుతాయి, కానీ విరిగితే నష్టం మనిషికే. 1987, 1988 ప్రాంతంలో అమెరికా నౌకాదళ ప్రత్యేక దళాల శిక్షణలో కొన్ని బెరెట్టా పిస్తోళ్ల స్లైడ్‌లు మధ్యకు విరిగి, వెనుక ముక్క కాలుస్తున్నవారి ముఖానికి తగిలింది. అసంఖ్యాకంగా తూటాలు కాల్చిన ఆయుధాలవి. ఆ తర్వాత హ్యామర్ పిన్ను తల పెద్దది చేసి, స్లైడ్ విరిగినా వెనుక ముక్క ఫ్రేమ్ మీదే ఆగేలా మార్చారు. ఇప్పుడు ఎక్కువగా దొరికే బెరెట్టా 92 ఎఫ్.ఎస్. ఆ మార్పుతో వచ్చినదే. తూటా ఖాళీ తొడుగు బయటికి వచ్చే కిటికీ మూలలు, బ్యారెల్ బిగింపు గాళ్లు, ఫ్రేమ్ పట్టాలు పగుళ్లు మొదలయ్యే చోట్లు. శుభ్రం చేసిన ప్రతిసారీ వెలుతురులో ఆ మూలలు చూస్తే పగులు వెంట్రుక గీతలా ఉన్నప్పుడే దొరుకుతుంది.

బ్యారెల్ మాత్రం ఓపికగలది. పిస్తోలు తూటా వేగం, వేడి రైఫిల్‌తో పోలిస్తే తక్కువ. అందువల్ల మంచి బ్యారెల్ పదివేల తూటాలు అనేకసార్లు దాటినా గురి తప్పదు.

తూటా బాగుంటేనే తుపాకీ

పేలుడు శక్తితోనే తర్వాతి తూటా ఎక్కుతుంది కాబట్టి తూటా నాణ్యత పిస్తోలు నమ్మకంలో భాగం. మందు బలం తగ్గితే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు. ఎక్కువైతే భాగాల ఆయుష్షు తగ్గుతుంది. పాతకాలం పిస్తోలులో ఇప్పటి హెచ్చు ఒత్తిడి తూటాలు కాల్చడం దాన్ని చేతులారా పాడుచేయడమే.

తేమ, వేడి, నూనె తూటాకు పడవు. ఆయుధానికి రాసిన నూనె కారి గదిలోని తూటా ప్రైమర్‌లోకి దిగితే అది పేలకపోవచ్చు. ఏళ్ల తరబడి అదే తూటాను గదిలోకి ఎక్కించి దించుతూ ఉంటే గుండు తొడుగులోకి లోతుగా దిగబడుతుంది, పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. ఇత్తడి మీద పచ్చని కిలుము కనిపిస్తే ఆ తూటాను కాల్చకూడదు. అన్నిటికంటే ప్రమాదకరమైనది సగం పేలిన తూటా. శబ్దం మామూలు కంటే మెత్తగా వస్తే గుండు బ్యారెల్‌లోనే చిక్కుకుపోయి ఉండవచ్చు. తర్వాతి తూటా కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా పగులుతుంది. వెంటనే ఆపి, మ్యాగజైన్ తీసి, గది ఖాళీ చేసి, బ్యారెల్‌లోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి.

రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి చాలా తూటాల ప్రైమర్లలో పేలాక ఉప్పులాంటి లవణాలు మిగిలేవి. అవి గాలిలోని తేమను పీల్చి ఒక్క రాత్రిలో బ్యారెల్‌ను తుప్పు పట్టించేవి. వాటిని నూనె కరిగించలేదు, నీళ్లతోనే కడగాలి. పాత పిస్తోళ్ల బ్యారెళ్లలో కనిపించే గుంటలు చాలావరకు ఆ కాలం గుర్తులే.

కాల్చకుండా ఉంచితే

భారతదేశంలో లైసెన్సుదారు ఏడాదికి కొనగలిగే తూటాలకు పరిమితి ఉంది. చాలామంది పిస్తోళ్లు సంవత్సరాలపాటు ఒక్కసారి కూడా పేలవు. అరుగుదల సమస్య వీటికి లేదు. నిల్వలో చెడిపోవడమే సమస్య.

విశాఖపట్నం నుంచి నెల్లూరు దాకా కోస్తాలో గాలిలో తేమతో పాటు ఉప్పు ఉంటుంది. నల్లని రసాయన పూత వేసిన పాత పిస్తోలు మీద వేలిముద్ర తడి తుడవకపోతే ఆ వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది. ఫాస్ఫేట్ పూత నూనెను పట్టి ఉంచుతుంది కాబట్టి కాస్త మెరుగు. స్టెయిన్‌లెస్ స్టీలు, ఆధునిక నైట్రైడ్ పూతలు ఇంకా మెరుగు. అయితే స్ప్రింగులు, పిన్నులు లాంటి లోపలి భాగాలకు అన్ని పిస్తోళ్లలోనూ అదే రక్షణ ఉండదు.

తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచడం చాలా ఇళ్లలో ఆచారం. ఇదే అతి పెద్ద పొరపాటు. తోలును పదును చేయడానికి వాడిన ఆమ్లాలు, లవణాలు ఉక్కును తింటాయి, తోలు తేమనూ పట్టి ఉంచుతుంది. పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు తాళం ఉన్న పెట్టెలో ఉంచాలి, వర్షాకాలంలో నెలకొకసారి చూడాలి. నూనె ఎక్కువైనా చేటే. ఏళ్లు గడిచేకొద్దీ అది బంకలా మారి సూది దారిలో గడ్డకడుతుంది, సూది నెమ్మదిగా కదిలి ప్రైమర్‌ను బలంగా కొట్టలేదు. బయటికి మెరిసే పిస్తోలు పేలకపోవడానికి ఇదొక సాధారణ కారణం.

మన చట్టం, మన పాత పిస్తోళ్లు

1959 ఆయుధ చట్టం కింద సాధారణ పౌరుడికి 9 ఎం.ఎం. పిస్తోలు నిషేధిత బోరు. లైసెన్సు మీద ప్రధానంగా దొరికేది .32 బోరు. సాధారణ లైసెన్సుదారులు విదేశాల నుంచి తుపాకులు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్యలో ఆగిపోయింది. అందువల్ల అంతకు ముందే దేశంలోకి వచ్చిన వాల్తర్ పి.పి., కోల్ట్ 1903, వెబ్లీ అండ్ స్కాట్ లాంటి .32 పిస్తోళ్లు చేతులు మారుతూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. వీటిలో చాలావాటి వయసు వాటి యజమానుల వయసు కంటే ఎక్కువ. దేశీయ ఆయుధ కర్మాగారాల అశని లాంటి .32 పిస్తోళ్లు మరో దారి. వాటికి విడిభాగాలు దేశంలోనే దొరికే అవకాశం ఎక్కువ.

2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. 2016 నిబంధనల ప్రకారం యజమానికి డెబ్బై ఏళ్లు వచ్చినా, ఆయుధం ఇరవై ఐదేళ్లు తన దగ్గర ఉన్నా, వారసుడి పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేయించవచ్చు. యజమాని చనిపోతే ఇంట్లోవాళ్లు దాన్ని అలాగే ఉంచుకోకూడదు. పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి, తర్వాత వారసుడి లైసెన్సుకు ప్రయత్నించాలి.

మరమ్మతుకూ ఇదే నియమం. తుపాకీ బాగుచేయాలంటే చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. వీధి చివరి లేత్ పనివాడితో సూది చేయించడం, ఏదో యంత్రం స్ప్రింగు కోసి అమర్చడం నేరం, ప్రమాదం కూడా. స్ప్రింగు బలం కాస్త తేడా అయినా వరస తెగుతుందన్నది మరవకూడదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సుదారులకు బాగా తెలిసిన మరో సందర్భం ఎన్నికలు. షెడ్యూలు రాగానే అధికారులు అడిగిన ఆయుధాలను పోలీస్ స్టేషన్‌లో జమ చేయాలి. ఫలితాలు వెలువడే దాకా, ఒక్కోసారి నెలల తరబడి, అవి అక్కడే ఉంటాయి. ఇచ్చే ముందు పిస్తోలును ఖాళీ చేసి, తుడిచి, లోపలా బయటా పలుచగా నూనె రాయాలి. తోలు ఒర లేకుండా ఇవ్వాలి. రసీదులో తయారీ పేరు, బోరు, సీరియల్ నంబరు, మ్యాగజైన్ల సంఖ్య సరిచూసుకోవాలి. తిరిగి తెచ్చుకున్న రోజే విప్పి శుభ్రం చేయాలి.

పోటీల్లో వాడకం

వాడకం వల్ల అరిగే పిస్తోళ్లు మన దగ్గర క్రీడాకారుల చేతుల్లో ఉంటాయి. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. మహిళల ఈ పోటీలో .22 బోరు సెమీ ఆటోమేటిక్ పిస్తోలుతో అర్హత దశలో అరవై తూటాలు కాల్చాలి, ఐదేసి చొప్పున. సాధనతో కలిపితే ఏడాదికి వేల తూటాలు. ట్రిగ్గర్ 1,000 గ్రాముల కంటే తక్కువ బరువుకు కదలకూడదన్నది నిబంధన. పోటీకి ముందు బరువు కట్టి పరీక్షిస్తారు. భాగాలు అరిగి ఆ బరువు తగ్గితే క్రీడాకారిణి అనర్హురాలవుతుంది.

.22 తూటాలో ప్రైమర్ మధ్యలో ఉండదు, అంచు చుట్టూ ఉంటుంది. అందుకే చాలా .22 పిస్తోళ్లలో ఖాళీ గదితో ట్రిగ్గర్ నొక్కితే సూది గది అంచును కొట్టి గంటు పెడుతుంది. తయారీదారు అనుమతించని పిస్తోలులో ప్లాస్టిక్ డమ్మీ లేకుండా ఇలా సాధన చేయకూడదు.

పాతది తీసుకునే ముందు

పాత పిస్తోలు తీసుకునేవారు, వారసత్వంగా పొందేవారు మొదట మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి గది ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి. తర్వాత సీరియల్ నంబరు లైసెన్సుతో సరిపోయిందో చూడాలి. బ్యారెల్‌ను వెలుతురుకు పెట్టి చూస్తే గుంటలు, ఉబ్బు తెలుస్తాయి. లోపల ఉంగరంలా నీడ కనిపిస్తే ఎప్పుడో గుండు చిక్కుకున్న గుర్తు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కాలి. తర్వాత ట్రిగ్గర్ వదిలి సేఫ్టీ తీసినప్పుడు హ్యామర్ దానంతట అది పడకూడదు. పడితే ఆ పిస్తోలును బాగుచేయకుండా ఒక్క తూటా కూడా కాల్చకూడదు.

అన్నీ బాగున్నా స్ప్రింగులు మాత్రం కొత్తవి వేయించడమే మంచిది. ఎన్ని తూటాలు కాల్చారో తెలియని ఆయుధంలో వాటి వయసు ఎవరూ చెప్పలేరు. ఆ రోజు నుంచి ఒక చిన్న పుస్తకంలో తేదీ, కాల్చిన తూటాలు, వాటి రకం, ఆగిన సందర్భం, మార్చిన భాగం రాసుకోవాలి. సైన్యాల ఆయుధాగారాలు పిస్తోళ్లను దశాబ్దాలపాటు నిలబెట్టింది ఇలాంటి క్రమబద్ధమైన లెక్కతోనే.

ఎప్పుడు పక్కన పెట్టాలన్నది చివరి ప్రశ్న. ఫ్రేమ్‌లో గానీ స్లైడ్‌లో గానీ పగులు కనిపిస్తే, బ్యారెల్ ఉబ్బితే, సేఫ్టీ నిలవకపోతే, అరిగిన భాగానికి సరైన ప్రత్యామ్నాయం దొరకకపోతే ఆ పిస్తోలుతో కాల్చడం మానాలి. బాగుచేయించలేకపోతే లైసెన్సు ఉన్న డీలరుకో, పోలీసులకో అప్పగించాలి. తాతల నాటిదన్న మమకారం పగిలిన ఉక్కును అతకదు. ఈ లోపాలేవీ లేని పిస్తోలు, స్ప్రింగులు మారుస్తూ, తుప్పు పట్టకుండా చూస్తూ, సరైన తూటాలే వాడుతూ ఉంటే, వందేళ్ల వయసులోనూ నమ్మకంగా పనిచేస్తుంది.